ఉగ్రాణం తాళాలు ఎవరికి?

పదేళ్ళ కిందట మా ఆఫీసులో నాయకుల కొరత వచ్చింది. పనిచేసేవాళ్ళ కొరత అంతకుముందు నుంచే ఉంది గానీ దాన్నెవరూ పట్టించుకోలేదు. నాయకుల్ని వెతికిపెట్టడానికి ఒక కన్సల్టెంటుగారు టై కట్టుకుని దిగారు. తలా ఒక ప్రశ్నపత్రం చేతికిచ్చి, "ఇందులో తప్పు జవాబులు ఉండవు" అన్నారు. ఇలాంటి పరీక్ష నా చిన్నప్పుడు పెట్టి ఉంటే నేను డాక్టరునయ్యేవాణ్ణి.

"పదిమందిలో ఉంటే మీకు హుషారా, నీరసమా?" అని మొదటి ప్రశ్న. ఆ పదిమందీ పేకాటలోనో, బ్యాంకు క్యూలోనో చెప్పకపోతే ఎలా రాయడం? పక్కవాడి పేపర్లోకి తొంగిచూశాను. వాడు నా పేపర్లోకి చూస్తున్నాడు.

చివరికి నాకు నాలుగు ఇంగ్లీషక్షరాలు వచ్చాయి: ఇ.ఎన్.టి.జె. అంటే పుట్టుకతోనే సేనాని అన్నారు కన్సల్టెంటుగారు. ఇంటికెళ్ళి ఛాతీ విరుచుకుని చెబితే మా ఆవిడ వంటింట్లోంచే, "సేనానిగారూ, గ్యాసు అయిపోయింది. కాస్త బండ మారుస్తారా?" అంది.

ఈ అక్షరాల పుట్టుపూర్వోత్తరాలు తర్వాత చదివాను. అమెరికాలో క్యాథరిన్ బ్రిగ్స్ అనే ఆవిడ, కూతురు ఇసబెల్ చేసుకోబోయే కుర్రాణ్ణి చూసి, ఇతని ఆలోచన మనింటి తీరులో లేదేమిటా అని విస్తుపోయిందట. మనవాళ్ళయితే అల్లుడు దశమగ్రహమని ఒక్కమాటలో తేల్చేసి పెసరట్టు పెట్టేవాళ్ళు. ఆవిడ అలా వదల్లేదు. మనుషుల స్వభావాల మీద పుస్తకాలు ముందేసుకుని కూచుంది. 1921లో కార్ల్ యూంగ్ రాసిన పుస్తకాన్ని ఆధారం చేసుకుని తల్లీకూతుళ్ళిద్దరూ మనుషుల్ని పదహారు రకాలుగా విడదీశారు. మన తల్లీకూతుళ్ళు ఆవకాయని జాడీల్లోకి ఎత్తితే వాళ్ళు మనుషుల్నే ఎత్తారు. ఉద్యోగానికి మనుషుల్ని ఎంచడానికి ఈ పరీక్ష వాడొద్దని దాన్ని అమ్మే కంపెనీయే చెబుతుంది. ఆ మాట మా ఆఫీసు దాకా రాలేదు.

నాకు తోచిన చిక్కు వేరే ఉంది. మన బలాలేమిటో ఆ పరీక్ష మననే అడుగుతుంది. పెళ్ళిచూపుల్లో పిల్లాడి గుణగణాలు పిల్లాణ్ణే అడిగినట్టు.

1979లో తెనాలిలో మా అక్క పెళ్ళి. పనులు పంచింది మా పెదనాన్న. ఆయన ఎవరి బలమూ చూడలేదు, అవలక్షణం చూశాడు. బంధువుల అవలక్షణాలకి ప్రశ్నపత్రం అక్కర్లేదు, అందరికీ కంఠతా వచ్చు. పరమ పిసినారి మామయ్యకి ఉగ్రాణం తాళాలిచ్చాడు. మూడు ప్రశ్నలకి జవాబు చెప్పందే నెయ్యి డబ్బా గడప దాటలేదు. గుసగుస కూడా వీధి చివరికి వినిపించే బాబాయిని వడ్డనకి పెట్టాడు. "మూడో బంతికి పులిహోర!" అంటే గాడిపొయ్యి దగ్గర గరిటె దానంతటదే లేచేది. చాడీల పిన్నిని విడిదింటికి పంపాడు. మగపెళ్ళివారు కాఫీ పల్చగా ఉందని గొణిగిన ఐదు నిమిషాల్లో ఆ సంగతి మాకు చేరేది, పదో నిమిషానికి చిక్కటి కాఫీ వాళ్ళకి చేరేది. ప్రతి పెళ్ళిలోనూ అలిగే పెద్దమామయ్యకి మాత్రం ఏ పనీ చెప్పలేదు. పందిట్లో అందరికీ కనబడే చోట కుర్చీ వేసి, ప్రతిదానికీ "ఏమంటావు బావా?" అని అడిగాడంతే. అలగడానికి ఆయనకి తీరిక దొరకలేదు.

ఇది పెదనాన్న కనిపెట్టిన విద్యేం కాదు. జూదంలో రాజ్యం పోగొట్టుకున్న ధర్మరాజు విరాటుడి కొలువులో ఏ పనికి చేరాడు? కంకుభట్టుగా రాజుగారితో పాచికలాడే పనికి. భీముడి ఆకలి ఎవరూ తీర్చలేనిది, వలలుడై వంటింట్లో దూరాడు. ఏడాది హాయిగా గడిచింది, కీచకుడికి తప్ప. ఇంగ్లండులో మెరిడిత్ బెల్బిన్ అనే ఆయన జట్లని పరీక్షించి చూసి, 1981లో పుస్తకం వేశాడు. ప్రతి బలానికీ తోడుగా సహించదగ్గ బలహీనత ఒకటి ఉంటుందన్నాడు. మహా తెలివైనవాళ్ళందర్నీ ఏరి ఒక జట్టు కడితే అది తరచూ వెనకబడిందనీ రాశాడు. అందరూ అందలమెక్కితే మోసేవారెవరు? పెదనాన్న ఆయనకంటే రెండేళ్ళు ముందున్నాడు.

ఇక సేనానిగా నా ఏలుబడి రెండేళ్ళు నడిచింది. నా కింద ఎనిమిదిమంది. ఎవరు ఏ లెక్క తెచ్చినా మళ్ళీ మొదట్నుంచీ నేనే కూడి చూసేవాణ్ణి. ఐదుగురు బదిలీ అడిగారు, ముగ్గురు సెలవు పెట్టారు. చివరికి నన్ను ఆడిట్‌లోకి మార్చారు. సేనానిగా పనికిరాని గుణానికి అక్కడ ఇంక్రిమెంటు ఇచ్చారు.

పెదనాన్నకి ఈ సంగతి నా పన్నెండో ఏటే తెలుసు. అక్క పెళ్ళిలో నా ఈడు పిల్లలందరికీ పన్నీరు బుడ్లిచ్చి, నన్ను చెప్పుల కాపలాకి పెట్టాడు. నేను ఏడ్చాను. "ఒరేయ్, అమ్మ చిల్లరిచ్చినా రెండుసార్లు లెక్కపెట్టే వెధవ్వి నువ్వు. ఇది నీ ఒక్కడివల్లే అవుతుంది" అన్నాడు.

రాత్రంతా కన్నార్పకుండా కాశాను. వచ్చిన ప్రతివాణ్ణీ అనుమానించాను. తెల్లారేసరికి పోయింది ఒకే ఒక్క జత. అది నాదే.