పొంగితే పోయినట్టేనా?

మరిపెడ బంగ్లా సెంటర్ నుంచి ఏ దిక్కు పోయినా కాళ్ల కింద ఉన్నది బండే. ఆ బండల పగుళ్లలో ఏళ్లకేళ్లు నానిన నీళ్లనే బోర్లు పైకి తోడుతున్నాయి. తాగడానికీ వంటకూ మిషన్ భగీరథ నల్లా, దొడ్డికి బోరు. 2018లో ఊరు మున్సిపాలిటీ అయింది గానీ ఆ కబురు బండలకు చేరలేదు. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లెట్రిన్ బేసిన్‌లో నీటి అంచు వెంబడి గార కడతాయి. ఇనుము కూడా ఉంటే ఆ గార పసుపుకో, తుప్పు రంగుకో తిరుగుతుంది. అంటే ఇంటామె సిగ్గుపడుతున్నది మురికిని చూసి కాదు, రాయిని చూసి.

ఈ రాయి మీద ఇప్పుడు ఫోన్లలో యుద్ధం నడుస్తున్నది. చెంచాడు వంటసోడా చల్లాలట, పైన వెనిగర్ పోయాలట. బుసబుస పొంగుతుంది. వెనక సంగీతం మోగుతుంది. మరుక్షణం బేసిన్ తళతళ! మధ్యలో ఏం జరిగిందో, అసలు అది అదే బేసినో కాదో అడిగే పాపాత్ముడు లేడు.

పొంగింది ఎందుకు? సోడా, పులుపు ఒకదాన్నొకటి చంపుకున్నందుకు. 5 గ్రాముల వంటసోడా దాదాపు 70 మిల్లీలీటర్ల మామూలు వెనిగర్‌లోని ఆమ్లాన్నంతా మింగేస్తుంది. మిగిలేది సోడియం ఎసిటేట్ అనే ఉప్పు కలిసిన నీళ్లు. సోడా జోలికి పోకుండా 100 మిల్లీలీటర్ల వెనిగర్‌ను గార మీద వదిలేస్తే, ఓపిక పడితే, 4 గ్రాముల దాకా కరిగించగలదు. ఇత్తడి బిందెను చింతపండుతో తోమే ముసలమ్మ ఎవరూ ఆ చింతపండులో సోడా కలపరు. వాళ్లకు వ్యూస్‌తో పని లేదు మరి.

కొందరు కూల్‌డ్రింక్ సీసానే వంపమంటారు. అందులో ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న మాట నిజమే. దానితో పాటు 100 మిల్లీలీటర్లకు 10 గ్రాముల పైచిలుకు చక్కెర కూడా ఉంది. గార సంగతేమో గానీ చీమలకు మాత్రం పండగ.

టీవీ వాళ్లది ఇంకో దారి. 99.9 శాతం క్రిములు చస్తాయని లెట్రిన్ క్లీనర్ సీసా మీద పెద్దక్షరాలు. రాతిలో చావడానికి ప్రాణమెక్కడిది? సీసాలో అసలు పని చేసేది, వెనకవైపు చిన్నక్షరాల్లో ఉండే హైడ్రోక్లోరిక్ ఆమ్లం. సుమారు 10 శాతం ఉంటుంది, గారను నిజంగానే కరిగిస్తుంది. కానీ 'రాయి కరుగును' అని రాస్తే ఇంటామె భయపడదు. భయపడకపోతే సీసా కొనదు.

ఇక్కడిదాకా నవ్వుకోవచ్చు. బ్లీచింగ్ పౌడర్ చల్లి, మీద యాసిడ్ పోయమనే సలహా దగ్గర నవ్వు ఆగాలి. ఆ రెండూ కలిస్తే వచ్చేది క్లోరిన్ వాయువు. 1915 ఏప్రిల్‌లో బెల్జియంలోని ఈప్ర దగ్గర సైనికుల మీదికి జర్మన్లు వదిలింది దాన్నే. తలుపు వేసిన నాలుగడుగుల దొడ్లో దాన్ని తయారు చేసుకోమనేవాడికి లైకులు కొడుతున్నాం. పైగా బ్లీచింగ్ గారను కరిగించదు, తుప్పు మరకను ఇంకా గట్టిపరుస్తుంది.

పని జరిగే దారిలో తమాషా ఏమీ లేదు. బేసిన్‌లో నిలిచిన నీళ్లు ముందు తోడెయ్యాలి, లేదంటే పోసిందంతా పలచబడుతుంది. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు చిక్కగా కలిపి, గార మీద పాత గుడ్డతో అద్ది, రాత్రంతా వదిలెయ్యాలి. పొద్దున బ్రష్‌తో రుద్దాలి. మొండిగా ఉంటే ఇంకో రాత్రి. ఇనుప పీచు మాత్రం వద్దు. మెరుగు గీసుకుపోతే తర్వాతి గారకు పట్టు దొరుకుతుంది.

ఇంత చేసినా వెనక గోడ మీద సన్నటి చార మళ్లీ దిగుతుంటే, తప్పు బేసిన్‌ది కాదు. ఫ్లష్ ట్యాంకులో అరిగిన వాషర్ రాత్రింబవళ్లు బోరు నీళ్లు కారుస్తున్నదన్నమాట. వాషర్ మార్చుకోమని చెప్పే వీడియోకు పొంగూ లేదు, సంగీతమూ లేదు, ప్రకటన ఇచ్చే కంపెనీ అంతకన్నా లేదు.