వెలుగు పోయినా వేడి పోదు

నేను శీలావతిని. కైకలూరు, ఆకివీడు వైపు చెరువుల్లో బొచ్చెతో కలిసి పెరిగే చేపని. హేచరీలో పుట్టి, పిల్లల చెరువులో ఎదిగి, పెద్ద చెరువుకు చేరాక కర్రలకు కట్టిన చిల్లుల సంచుల్లోంచి తవుడు లాక్కుని తింటూ కిలో దాటడం నా జీవితం. అయితే నా బతుకును నడిపేది తవుడు కాదు, ఊపిరి. లీటరు గాలిలో దాదాపు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటే, 30 డిగ్రీల వేడి ఉన్న లీటరు మంచినీటిలో నిండుగా కరిగినా 7.5 మిల్లీగ్రాములే. ఆ కాస్తలోంచి పిండుకోవడానికే నా మొప్పల్లో రక్తం నీటికి ఎదురు పారుతుంది. ఎర్రటి పోగుల మీదుగా నీరు ఒకవైపు సాగుతుంటే రక్తం రెండోవైపు నుంచి వస్తుంది, చివరిదాకా ఆక్సిజన్ అందుకుంటూనే ఉంటుంది.

ఎండాకాలంలో చేపలు తేలితే నీళ్లు వేడెక్కి ఆక్సిజన్ పోయిందంటారు. అది సగం నిజమే. 25 డిగ్రీల నీటిలో 8.3 మిల్లీగ్రాములు పట్టేది 35 డిగ్రీలకు 7కు వస్తుంది, అంటే ఆరో వంతు తగ్గుతుంది. అంతమాత్రానికే నేను చావను. అసలు దెబ్బ నా ఒంట్లో ఉంది. నీటి వేడే నా ఒంటి వేడి. వేడి పెరిగేకొద్దీ చేప ఆక్సిజన్ వాడకం ఎలా పెరుగుతుందో డెన్మార్క్ శాస్త్రవేత్త ఆగస్ట్ క్రోగ్ 1914లోనే గోల్డ్‌ఫిష్ మీద కొలిచి చూపించాడు. తట్టుకోగల హద్దుల్లో 10 డిగ్రీలు పెరిగితే ఖర్చు ఇంచుమించు రెట్టింపవుతుంది. రాబడి ఆరో వంతు తగ్గిన చోటే ఖర్చు రెండింతలైతే లోటు ఎక్కడ పుట్టిందో తెలుస్తూనే ఉంది.

ఇక వెలుగు సంగతి. పగలు చురుగ్గా తిరిగి మేసే చేపకు కదలిక వల్ల ఖర్చు కొంత పెరుగుతుంది. కానీ చెరువులో వెలుగు చేసే పెద్ద పని నాలో కాదు, నీటికి పచ్చరంగు తెచ్చే ప్లాంక్టన్‌లో జరుగుతుంది. ఎండలో అది ఆక్సిజన్ తయారుచేస్తుంది, అందుకే సాయంత్రం చెరువు నిండుగా ఉంటుంది. పొద్దుగూకగానే ఆ తయారీ ఆగుతుంది, కానీ ప్లాంక్టన్ కూడా నాలాగే ఊపిరి పీల్చడం మాత్రం ఆపదు. ఇక్కడే నా వాదనంతా ఉంది: వెలుగు సాయంత్రానికి వెళ్లిపోతుంది, వేడి మాత్రం వెళ్లదు. నీరు త్వరగా చల్లబడదు కనుక రాబడి ఆగిన రాత్రంతా ఖర్చు ఇంచుమించు పగటి ధరకే నడుస్తుంది. పగటి వేడి బాకీని నేను తెల్లవారుజామున కడతాను. కాబట్టి మేతను నిన్నటి లెక్క చూసి కాక, రాబోయే రాత్రిని చూసి తూచాలి.

వేడిలోనే కదా చేప బాగా తిని పెరిగేదని రైతు అంటాడు. నిజమే, వెచ్చదనం నాకు ఆకలి పెంచుతుంది. కానీ తిన్నది అరగడానికీ ఆక్సిజన్ కావాలి, మేత తిన్నాక కొన్ని గంటల పాటు వాడకం బాగా హెచ్చుతుంది. శాస్త్రవేత్త ఎఫ్.ఇ.జె. ఫ్రై 1947లో వేడిని శరీర వేగాన్ని నిర్ణయించేదిగా, ఆక్సిజన్‌ను ఆ వేగానికి హద్దు గీసేదిగా వేరుచేసి చూపాడు. హద్దు దాటించి పెట్టిన తవుడు నా కండగా మారదు. రాత్రి ఆక్సిజన్‌లో ఎక్కువ భాగం ప్లాంక్టన్ వాడుతుంటే చేప మేత తగ్గించి ఏం లాభమని మరో ప్రశ్న. ఆ ప్లాంక్టన్‌ను అంత చిక్కగా పెంచింది మేతలో మిగిలినది, నా విసర్జన. ముసురు పట్టి నీరు చల్లబడితే మేలే కదా అనేవాళ్లకు నా జవాబు ఇది: రెండు డిగ్రీలు తగ్గితే నా ఖర్చు కొంతే తగ్గుతుంది, మబ్బు వల్ల పగటి తయారీ అంతకంటే ఎక్కువగా పడిపోవచ్చు. పైగా చల్లటి వాన, గాలి కలిసి అడుగున ఉన్న ఆక్సిజన్ లేని నీటిని పైకి కలిపేస్తాయి. ఏడాదిలో నాకు అతి ప్రమాదమైన పూట మండే మధ్యాహ్నం కాదు, ఉక్కపోత రోజుల తర్వాత వచ్చిన మబ్బు రోజు తెల్లవారుజాము. ఆ రోజు కూడా అదే తూకం తవుడు కట్టడాన్ని నేను ఒప్పుకోలేను.

నీటిలో గాలి కలిపే ఏరియేటర్ ఉందిగా అంటే, ఉండాలి. అయితే చేపలు నోళ్లు తెరిచి పైకి వచ్చాక తిప్పితే ఆలస్యమే. ముందే తెలుసుకునే పద్ధతి అలబామాలో క్యాట్‌ఫిష్ చెరువుల మీద పనిచేసిన క్లాడ్ బాయిడ్ బృందం 1978లోనే చూపింది: పొద్దుగూకే వేళ ఒకసారి, ఆ తర్వాత రెండు మూడు గంటలకు మరోసారి ఆక్సిజన్ కొలిచి, ఆ రెంటినీ కలిపే గీతను తెల్లవారేదాకా పొడిగించడం. సాయంత్రం ఆరున్నరకు లీటరుకు 9 మిల్లీగ్రాములు, తొమ్మిదిన్నరకు 7.2 ఉందనుకోండి. గంటకు 0.6 చొప్పున పోతే ఉదయం ఐదున్నరకు 2.4 మిగులుతుంది. నాకు 5 ఉంటే సుఖం, 3 కంటే తగ్గితే యాతన. అలాంటి రాత్రి ఏరియేటర్ అర్ధరాత్రికే తిరగాలి, మర్నాడు పొద్దు బాగా పైకెక్కి నీటికి వెలుగు తగిలేదాకా సంచులు కట్టకూడదు.