ఛార్జరు లేని బావగారు

వానకాలమున గొడుగు లేకుండ బయలుదేరువారు, బ్యాంకునకు కలము లేకుండ పోవువారు, బస్సెక్కిన పిమ్మట చిల్లర కొఱకు ప్రక్కవాని ముఖము చూచువారు మన సమాజమున అనాదిగా ఉన్నారు; వారిని గూర్చి పెద్దలు చెప్పవలసినదంతయు చెప్పియే యున్నారు గనుక నేను క్రొత్తగా చేర్పవలసినది లేదు. నేను చెప్పబోవునది ఆ వంశమున ఈ మధ్య మొలచిన కనిష్ఠశాఖను గూర్చి. ఈ శాఖవారికి లక్ష రూపాయలు దాటిన కంప్యూటరుండును, దానికి తగిన సంచి యుండును, ఆ సంచికి అరలు కూడ పుష్కలముగా నుండును. ఛార్జరు మాత్రము ఉండదు. ప్రతి బంధువర్గమునందును ఇట్టివారొకరు తప్పక యుందురు. మా బంధువర్గమున ఆ పదవి మా బావగారిది.

బావగారనగా మా ఆవిడకు పెద్దన్నగారు. డబ్లిన్ నగరమున సాఫ్ట్‌వేర్ ఉద్యోగము చేయుచు, ఏటేటా సంక్రాంతికో వేసవికో హైదరాబాదు వచ్చి మా ఇంటనే దిగుదురు. మనిషి బంగారము. చేతికి ఎముక లేదు. హోటలులో బిల్లు బల్లమీద పడకముందే దానిని గాలిలో నందుకొను వేగము ఆయనకు తప్ప మా కుటుంబమున మఱియొకరికి లేదు. అట్టి ఉదారుడు, రెండు మూడు వేల రూపాయలకు దొరకు ఒక్క వస్తువు విషయమున మాత్రము జన్మవ్రతము పట్టినట్లు ఏల ప్రవర్తించునో, నేను చదివిన ఏ శాస్త్రమునందును సమాధానము దొరకలేదు.

ఇతరులు మన ఇంటికి వచ్చినపుడు గోడమీది పెండ్లి ఫోటోను చూతురు, పిల్లల చదువులడుగుదురు. మా బావగారి దృష్టి గోడ పైభాగమునకు ఎన్నడును పోదు. చెప్పులు విడుచుచునే ఆయన కన్నులు గోడ అడుగుభాగము వెంట పరుగెత్తి, సోఫా వెనుక నొకటి, టీవీ బల్ల ప్రక్క నొకటి, దేవుని గదిలో దీపతోరణమునకు పెట్టినది యొకటి, ఇట్లు మా ఇంటి ప్లగ్గులన్నింటిని, నేనెఱుగని వానితో సహా, క్షణమున లెక్కించివైచును. పిమ్మట మంచినీళ్ళు త్రాగి, గ్లాసు క్రింద పెట్టుచు, “ఛార్జరు ఎక్కడుంది బావా?” అందురు. ఉన్నదా అని అడుగరు. ఇత్తువా అని అసలే అడుగరు. గృహస్థుని ఇంట ఛార్జరుండుట ధర్మమనియు, అది ఏ మూలనున్నదో తెలుపుట మాత్రమే ఆ గృహస్థుని వంతనియు ఆయన సిద్ధాంతము. డబ్లినులో ఎట్లు గడుపుచున్నారని ఒకమారు అడిగితిని. ఆఫీసులో బల్లకొకటి యుండునట! ఇంటివద్ద ఏమిచేయుదురని అడుగుటకు నాకు ధైర్యము చాలలేదు.

తీసికొన్న ఛార్జరు తిరిగివచ్చునా యనిన, వచ్చును. ఏది వచ్చుననునదే ప్రశ్న. ఒక ఏడు మా ఛార్జరును సంచిలో వేసికొని గుంటూరు వెళ్ళి, దానిని పిన్నిగారింట మఱచి, పిన్నిగారిది తీసికొని విశాఖపట్టణము పోయి, దానిని వియ్యాలవారింట విడిచి, వియ్యాలవారిది తెచ్చి మా బల్లమీద పెట్టి, “ఎవరికీ నష్టం లేదు, లెక్క సరిపోయింది కదా” అనిరి. లెక్క సరిపోయిన మాట నిజమే. సరిపోనిది పిన్ను.

ఆ పిన్ను పుణ్యముననే మేము అంతకాలము బ్రతికితిమని ఇప్పుడు తెలియుచున్నది. నోకియా ఫోనుల రోజులలో ‘మీది సన్నపిన్నా, లావుపిన్నా’ అను ప్రశ్న గోత్రప్రశ్నవలె మొదట వచ్చెడిది. గోత్రము కలియనిచో సంభాషణము అంతటితో ముగిసెడిది. కంప్యూటరుల విషయమున ఈ వర్ణభేదము మఱింత కఠినము. ఒకనిది 19 వోల్టులు, ఒకనిది 19.5, వేఱొకనిది 20. డెల్ వాని గుండ్రని పిన్ను నడుమ సూదివంటి తంతి యుండి, అడాప్టరు తన ఇంటిదో పరాయిదో కంప్యూటరునకు తెలిపెడిది. లెనోవో వాని పిన్ను పసుపురంగు పలక. హెచ్‌పీ వానిది నీలిరంగు మూతి. లోకమంతయు ఈ వైవిధ్యమును తిట్టినది గాని, అందలి గృహస్థరక్షణమును ఒక్కరును గుర్తింపలేదు. “మాది వేరే పిన్ను బావగారూ” అనునది సత్యమును, మర్యాదయు, ఛార్జరును మూడింటిని ఒకేసారి కాపాడిన వాక్యము. అబద్ధమాడకుండ బంధువునకు లేదనగల అవకాశము గృహస్థజీవితమున ఎన్నిమారులు లభించును?

ఆ ఒక్క కవచమును ఐరోపావారు హరించిరి. 2022 అక్టోబరు 4వ తేదీన స్ట్రాస్‌బర్గులో కొలువుదీరిన ఐరోపా పార్లమెంటువారు, ఫోనులు మొదలుకొని కంప్యూటరుల వఱకు చేతిలో పట్టు యంత్రములన్నింటికి యూఎస్‌బీ టైప్-సి యను ఒక్క పిన్నే ఉండవలెనని 602 వోట్లతో తీర్మానించిరి. వ్యతిరేకించినవారు 13 మంది, తటస్థులు 8 మంది. ఆ పదుమువ్వురిలో ఒక్కరికైనను మా బావగారివంటి బావగారు ఉండియుండవలెనని నా గాఢవిశ్వాసము. ఫోనులకు ఈ చట్టము 2024 డిసెంబరు 28 నాటికే అమలులోనికి వచ్చినది. ల్యాపుటాపులకు 2026 ఏప్రిల్ 28వ తేదీ గడువు పెట్టిరి. చట్టము వారిదే యైనను పిన్ను లోకమంతటిది. ఐరోపాకొకటి, అమీర్‌పేటకొకటి తయారుచేయు ఓపిక ఏ కంపెనీకి ఉండును?

అంతటితో ఆగినను బాగుండెడిది. ఆ చట్టముననే మఱియొక నిబంధన కలదు: ఛార్జరు అక్కఱలేనివానికి ఛార్జరు లేకుండ యంత్రమును కొనుక్కొను వీలు కల్పింపవలెను. వాడుక లేక పారవేయు ఛార్జరుల చెత్త ఐరోపాలో ఏటికి 11,000 టన్నులని వారి అంచనా గనుక, ఉద్దేశము మంచిదే. కాని కంపెనీలవారు మంచి ఉద్దేశమును కనిపెట్టుటలో ఎప్పుడును ఒక అడుగు ముందుందురు. 2020లోనే ఆపిల్ సంస్థ తన ఐఫోను పెట్టెనుండి ఛార్జరును తొలగించి, ప్రజలయొద్ద ఇదివఱకే కోట్లకొలది ఛార్జరులున్నవని వాదించినది. మఱుసటి ఏటి ఆరంభముననే శాంసంగు కూడ ఆ బాట పట్టినది. బ్రెజిలు ప్రభుత్వమువారు ఇది అన్యాయమని జరిమానాలు విధించిరి. అయినను 2025 అక్టోబరున వచ్చిన పదునాలుగు అంగుళముల మ్యాక్‌బుక్ ప్రోను ఐరోపాలో కేబుల్‌తో మాత్రమే అమ్మిరి, అడాప్టరు లేదు. చట్టము అడిగినది కొనువాని ఇష్టము; కంపెనీ ఇచ్చినది తన ఇష్టము. అదే కంప్యూటరును మన దేశమున అమ్మునపుడు పెట్టెలో అడాప్టరును నిక్షేపముగా ఉంచుట గమనించినచో, పర్యావరణముపై ప్రేమకు కూడ సరిహద్దులుండునని తెలియగలదు.

నాకు కోపము వచ్చినది కంపెనీల లోభముపై కాదు. అది వారి స్వధర్మము. వారి వాదమును విన్నపుడు ఎక్కడనో విన్నట్లు తోచి, ఆలోచింపగా, అది అక్షరము పొల్లుపోకుండ మా బావగారి వాదమని గ్రహించితిని. ‘మీ ఇంట ఇదివఱకే ఒకటి యుండును గదా!’ ఆయన ఇరువది యేండ్లు సోఫాలమీద కూర్చుండి బోధించినది కాలిఫోర్నియావారు వ్యాపారసూత్రముగా స్వీకరించిరి.

బావగారికి ఈ పరిణామమున కలిగిన ఆనందము వర్ణనాతీతము. క్రిందటి రాకలో, డబ్లినులో కొన్న ఒక క్రొత్త కంప్యూటరు పెట్టెను చేతబట్టుకొనివచ్చి, దాని ప్రక్కభాగమున ముద్రించిన గుర్తును నాకు చూపిరి. ప్లగ్గు బొమ్మ, దానిమీద అడ్డగీత. ఈ పెట్టెలో ఛార్జరు లేదని చట్టప్రకారము ముద్రింపవలసిన చిహ్నమది. రాజముద్రికను చూపు సేనాపతివలె దానిని చూపి, “చూశావా బావా, ఇన్నాళ్ళూ నన్ను ఆడిపోసుకున్నారు. ఇప్పుడు కంపెనీయే ఇవ్వడం లేదు. నేనేం చేసేది?” అనిరి. ఇంతకాలము అలవాటుగా నున్నది ఆనాటినుండి హక్కైనది.

నేను తెలివిగా నా ఫోను ఛార్జరునిచ్చితిని. ఈ సీ పిన్ను ఛార్జరు పూర్వపు అడాప్టరువలె గుడ్డిగా విద్యుత్తును వదలునది కాదు. తగిలించిన వెంటనే ఉభయుల మధ్య రాయబారము నడచును. 5, 9, 15, 20 వోల్టులలో తానేమి ఈయగలదో ఛార్జరు విన్నవించును, కంప్యూటరు తనకు వలసినది ఎన్నుకొనును. నాది 20 వాట్లది. ఆయన కంప్యూటరు కోరునది అరువది పైచిలుకు. ఐదూళ్ళడిగిన రాయబారమునకు పట్టిన గతియే దీనికిని పట్టి, గంటసేపు తగిలించియుంచినను అంకె పెరుగక, ఆయన పనిచేయుచుండగా క్రమముగా తరుగజొచ్చెను. బావగారు ఛార్జరును త్రిప్పి, దానిమీది సూక్ష్మాక్షరములను కండ్లజోడు పైకెత్తి చదివి, “ఇది ఫోనుది. పెద్దది ఉండాలే?” అనిరి. పెద్దది ఆ సమయమున నా కంప్యూటరునకు తగిలియున్నది. నేను ఆన్‌లైనులో పాఠము చెప్పుచున్నాను. పాఠము మధ్యలో నా తెర నల్లబడెను. విద్యార్థులు మాత్రము మిక్కిలి సంతోషించిరని మఱునాడు తెలిసినది.

ప్లగ్గుల సంగతి వేఱు. ఖాళీ ప్లగ్గు వెదకుట ఆయన స్వభావము కాదు. నిండినదానిని ఖాళీచేయుట ఆయన స్వభావము. ఒక సాయంకాలము మా ఆవిడ ఇడ్లీకి పప్పు వేసి గ్రైండరు త్రిప్పి పక్కింటికి పోయి రాగా, గ్రైండరు నిశ్చలము; పప్పు సగము పప్పుగను సగము పిండిగను ఉన్నది; వంటింటి గట్టుమీద బావగారి కంప్యూటరు వెలుగుచున్నది. ఈ పని నేను చేసియున్నచో ఆ రాత్రి మా ఇంట జరుగగల ప్రసంగమును పాఠకులు ఊహింపగలరు. “అన్నయ్యకు ఆఫీసు పని ఉంటుంది, పాపం” అని మా ఆవిడ మఱునాడు ఉప్మా చేసినది.

కొనరాదా అని మీరడుగవచ్చును. నేనును అదే యడిగి, ఆయనను సికింద్రాబాదు ప్యారడైజు సమీపముననున్న సీటీసీకి తోడ్కొనిపోతిని. చెనాయ్ ట్రేడ్ సెంటరున దొరకని అడాప్టరు ఈ భూమిమీద తయారైయుండదు. దుకాణదారు 65 వాట్లదొకటి తీసి బల్లమీద పెట్టెను. “పనిచేస్తుందో లేదో చూడాలి కదా” అని బావగారు కంప్యూటరు విప్పి తగిలించిరి. పనిచేసినది. వేడెక్కునో లేదో చూడవలెనని మఱికొంతసేపు, కేబుల్ మార్చి మఱికొంతసేపు చూచిరి. 60 వాట్లకు మించి పంపవలెనన్నచో గుర్తింపు చిప్పు గల కేబుల్ ఉండవలెనని దుకాణదారు వివరింపగా, అట్టి కేబుల్‌తోడను, అట్టిది కానిదానితోడను, 100 వాట్ల అడాప్టరుతోడను తారతమ్యపరిశీలనము సాగినది. ఆ కుఱ్ఱవాడు ఎవరో పెద్ద ఇంజనీరుగారని తలచి టీ తెప్పించెను. కంప్యూటరు నూటికి నూరు నిండిన పిమ్మట బావగారు లేచి, “ఇంకా బ్రాండు నిర్ణయించుకోలేదు, మళ్ళీ వస్తాం తమ్ముడూ” అని సెలవు తీసికొనిరి. మెట్లు దిగుచు నావైపు తిరిగి, టీ బాగున్నదనిరి.

ఇట్టి మనిషిమీద పూర్తిగా కోపగించుకొనుటకు కూడ ఆయన అవకాశమీయరు. మా నాన్నగారిని ఆసుపత్రిలో చేర్చినపుడు, సెలవులో వచ్చిన మనిషి, వలదన్నను వినక రాత్రులన్నియు వార్డులో స్టూలుమీద కూర్చుండి, నన్ను ఇంటికి పంపివేసిరి. నాన్నగారికి మాత్రల వేళలు నాకన్న ఆయనకే కంఠస్థము. తెల్లవాఱి నేను వెళ్ళునప్పటికి వార్డులోని రోగుల బంధువులందఱును ఆయనను “అన్నా” అని పిలుచుచుండిరి. వారిలో ముగ్గురి ఛార్జరులు మా మంచముచుట్టు ఉన్నవి.

క్రిందటి వేసవిలో మా అమ్మాయికి ఇంజనీరింగు సీటు వచ్చినది. ఆ వార్త విన్న మేనమామగారు ఎవరికిని చెప్పకుండ ఒక క్రొత్త కంప్యూటరును తెచ్చి పిల్ల చేతిలో పెట్టిరి. నా నాలుగైదు నెలల పొదుపు ఖరీదు చేయునది. మా ఆవిడ కన్నీళ్ళు తుడుచుకొన్నది. నేనును మాట రాక నిలబడితిని. పిల్ల పెట్టె విప్పుచు, ప్రక్కభాగమునందలి ప్లగ్గు బొమ్మను, దానిమీది అడ్డగీతను చూచి, నావైపు చూచినది. నేను సీటీసీలోని ఆ దుకాణమునకే పోయితిని. కుఱ్ఱవాడు గుర్తుపట్టి, ఇంజనీరుగారు బ్రాండు నిర్ణయించుకొన్నారా అని వినయముగా అడిగెను.

బావగారు తిరుగుప్రయాణమైన నాడు శంషాబాదు విమానాశ్రయమునకు అందఱము వెళ్ళితిమి. సామానులు దింపిన పిమ్మట ఆయన నా భుజముమీద చేయివేసి, ప్రక్కకు తీసికొనిపోయి, “బావా, అమ్మాయి కొత్త ఛార్జరు నా సంచిలో వేసుకున్నాను. ఇంట్లో నీది పెద్దది ఒకటి ఉందిగా, ఇద్దరికీ సరిపోతుంది” అనిరి. నేను సమాధానము వెదకుకొనుచుండగా, “అయితే ఒక చిక్కుంది. దీనికి గుండ్రటి పిన్నులు. మా డబ్లిన్ గోడలకు మూడు పలక పిన్నులుండాలి. ఆ మార్చుకునే ప్లగ్గు మీ ఇంట్లో ఎక్కడుంది?” అని అడిగిరి.

మా ఆవిడ అప్పటికే హ్యాండుబ్యాగు జిప్పు తీయుచుండెను.