ఆ రకం మనుషులు

మా ఊరి వెనక కొండమీద సైకిళ్ళకు బాట వేస్తే ఏమేం జరుగుతుందో నాకిప్పుడు కంఠతా వచ్చు. గుర్రాలు బెదురుతాయి. పెద్దవాళ్ళ తుంటి ఎముకలు విరుగుతాయి. గుడ్లగూబలు వలసపోతాయి. ఇళ్ళ ధరలు పడిపోతాయి. పై ఊళ్ళవాళ్ళు ఎగబడి రావడంవల్ల ఇళ్ళ ధరలు ఆకాశానికి కూడా అంటుతాయి. ఈ ఆఖరి రెండు ప్రమాదాలనూ ఒకే పెద్దమనిషి ఒకే గుక్కలో చెప్పాడు. హాలంతా చప్పట్లు.

మేముండేది కాలిఫోర్నియాలో, బే ఏరియాలో. ఇక్కడి కొండలతో తెలుగువాళ్ళ సంబంధం మొదట్నుంచీ మర్యాదగానే ఉంది. ఇండియానుంచి అమ్మానాన్నలు వస్తే ఫ్రీమాంట్ తీసుకెళ్ళి, మిషన్ పీక్ ఎక్కించి, శిఖరాన ఉన్న స్తంభం పక్కన ఫొటో తీసి, పులిహోర తిని దిగిపోతాం. 2,517 అడుగుల ఆ కొండకి జనం పెరిగేసరికి, కింద వీధులవాళ్ళు తమ ఇళ్ళముందు ఈ కార్లేమిటని గోల పెట్టారు. చివరికి ఆ చుట్టుపక్కల పార్కింగుకి పర్మిట్లు వచ్చాయి. ఉత్త కాళ్ళతో నడిచేవాళ్ళకే ఈ మర్యాద జరిగితే, చక్రాలేసుకుని వచ్చేవాడి గతి ఏమిటో ఊహించుకోవచ్చు.

నన్నీ గొడవలోకి లాగింది మా అమ్మాయి. తోటి తెలుగు పిల్లలు స్పెల్లింగ్ బీ పోటీలకి తయారవుతుంటే ఇది వెళ్ళి హైస్కూలు మౌంటెన్ బైక్ జట్టులో చేరింది. ఉత్తర కాలిఫోర్నియాలో 2001లో మొదలైన ఈ హైస్కూలు లీగు తర్వాత చాలా రాష్ట్రాలకి పాకింది. అందులో నాకు నచ్చిన సంగతి, ఎవర్నీ బెంచీమీద కూర్చోబెట్టరు. వచ్చిన ప్రతి పిల్లా పందెంలో దిగచ్చు. నచ్చని సంగతి, సాధనప్పుడు వెంట తొక్కడానికి పెద్దవాళ్ళు కావాలన్నారు. అలా నాకూ ఒక సైకిలు కొనాల్సివచ్చింది. ఆ కబురు తెనాలిలో ఉన్న అమ్మకి ఫోన్లో చెప్పాను.

"ఎంతరా?"

"ఐదువేల డాలర్లమ్మా."

గుణకారానికి ఆవిడకి క్షణం పట్టలేదు. "నాలుగు లక్షల పైమాటే! ఇంజనుందా?"

"లేదమ్మా."

"పోనీ స్టాండు?"

"లేదు."

"వెనక క్యారేజీ? మడ్‌గార్డులు?"

"అవీ ఉండవు."

"మరి నాలుగు లక్షలకి ఏమిచ్చార్రా వాళ్ళు?"

సస్పెన్షన్ గురించి చెప్పబోయాను. ఆవిడ వినలేదు. "మీ నాన్న జీవితమంతా సైకిలు తొక్కింది నువ్వు తొక్కకూడదనిరా" అని పెట్టేసింది.

మా ఆవిడ అభ్యంతరం వేరు. "ఏమండీ, గుళ్ళో అందరూ అడుగుతున్నారు, మీ ఉద్యోగం పోయిందా అని."

ఇంట్లో ఈ ముద్ర వేయించుకుని, ఊరివాళ్ళు వేసేదేమిటో చూద్దామని కొండమీది బాట గురించి పార్కులవాళ్ళు పెట్టిన బహిరంగ సభకి వెళ్ళాను. మాట్లాడాలంటే గుమ్మం దగ్గర కార్డు నింపాలి. పేరు, ఊరు, ప్రతిపాదనకి అనుకూలమా వ్యతిరేకమా అన్న రెండు గడులు. మనిషికి రెండు నిమిషాలు. మన సభల్లో అయితే వేదికమీది పెద్దల్ని సంబోధించడానికే అది చాలదు. ఇక్కడ ఆ రెండు నిమిషాల్లో ఒక మనిషిని నఖశిఖపర్యంతం తయారుచేసి నిలబెట్టేశారు.

ఆ మనిషికి పేరు లేదు. "ఆ రకం మనుషులు" అంటారంతే. వయసు ఇరవై రెండు. ఒంటినిండా పచ్చబొట్లు. చెవుల్లో పాటలు. సీసాలో ఉన్నది మంచినీళ్ళు కాదు. అడవిని చూడ్డానికి రాడు, చూసే వేగంలో ఉండడు. ముసలమ్మ ఎదురైతే బ్రేకు వెయ్యడు, కేక వేస్తాడు. పన్ను కట్టడు, ఓటెయ్యడు, సభలకి రాడు. వింటుంటే నాకే ఒళ్ళు జలదరించింది. బీపీ మాత్ర, మోకాలికి పట్టీ, వారం వారం చెత్తడబ్బా బయటపెట్టే బాధ్యత ఉన్న నాలాంటి వాడు ఇలాంటివాడి చుట్టుపక్కలకి ఎలా వెళ్ళాలా అని బెంగ పట్టుకుంది.

నా పక్క కుర్చీలో డెబ్భై దాటిన ఒకావిడ. నన్ను చూసి ఎంతో సంతోషించి, 'కొండను కాపాడండి' అని రాసున్న ఆకుపచ్చ రిబ్బను స్వయంగా నా చొక్కాకి గుచ్చింది. "మీలాంటివాళ్ళు రావాలి. మీ సంస్కృతిలో ప్రకృతిని పూజిస్తారు కదా. మీరు రోజూ యోగా చేస్తారనుకుంటాను" అంది. వంగి బూటు లేసు కట్టుకోవడమే నా యోగా అని చెప్పడానికి ధైర్యం చాలలేదు. అంతలో నా పేరు పిలిచారు. కార్డుమీద 'అనుకూలం' అని మైకులో చదివారు. ఆవిడ నా మొహం వంక చూసి, తర్వాత రిబ్బను వంక చూసింది. ఒకే కుర్చీలో శాంతమూర్తి అయిన భారతీయుడూ, దయాదాక్షిణ్యాలు లేని సైకిలు రౌడీ ఎలా కూర్చున్నారో ఆవిడకి అంతుపట్టలేదు. నా గురించి ఆవిడ వేసుకున్న బొమ్మలు రెండూ నన్ను చూడకముందు వేసుకున్నవే మరి.

ఈ మౌంటెన్ బైకు పుట్టిందీ, దానిమీద కోపం పుట్టిందీ ఒక్కచోటే. గోల్డెన్ గేట్ వంతెన దాటగానే వచ్చే మెరిన్ కౌంటీలో. 1970ల్లో టామల్పాయిస్ కొండ చుట్టూ తిరిగే కుర్రాళ్ళు 1930ల, 40ల నాటి ష్విన్ సైకిళ్ళు పోగేసి, వాటిమీద కొండ దిగడం మొదలెట్టారు. 1976 అక్టోబర్ 21న ఫెయిర్‌ఫాక్స్ దగ్గర మట్టిరోడ్డుమీద మొదటి పందెం జరిగింది. సుమారు రెండు మైళ్ళలో 1,300 అడుగుల దిగుడు. ఆ సైకిళ్ళకి పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకే దిక్కు. కిందికొచ్చేసరికి అది కాలిపోయి, లోపలి గ్రీజంతా పొగైపోయేది. మళ్ళీ హబ్బు విప్పి గ్రీజు కూరితేగాని ఇంకోసారి దిగడానికి లేదు. అందుకే ఆ పందేనికి రీప్యాక్ అని పేరొచ్చింది. 1977లో జో బ్రీజ్ కొండలకోసమే పనిగట్టుకుని ఫ్రేములు తయారుచేశాడు. 1979లో గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ ఇలాంటి సైకిళ్ళు అమ్మే వ్యాపారం పెట్టారు. ఈ ఫిషర్‌నే 1968లో, జుట్టు మరీ పొడుగ్గా ఉందని రోడ్డు పందేలనుంచి బయటపెట్టారు. అంటే మౌంటెన్ బైకు పుట్టకముందే దాన్ని తొక్కబోయేవాడిమీద అభ్యంతరం సిద్ధంగా ఉందన్నమాట.

తర్వాత ప్రపంచమంతా ఆ సైకిలెక్కింది. పుట్టింట్లో మాత్రం దానికి వీధి అరుగు దాటి ప్రవేశం దొరకలేదు. టామల్పాయిస్ చుట్టూ ఉన్న సన్నబాటల్లో చాలావాటిమీదికి దాన్ని రానివ్వరు. ఎక్కువగా మంటలార్పే బండ్లకోసం వేసిన వెడల్పాటి ఫైర్ రోడ్లమీదే తిరగాలి. అదీ గంటకి 15 మైళ్ళు మించకుండా, మలుపుల్లోనూ మనుషుల పక్కనుంచి వెళ్ళేటప్పుడూ 5 మైళ్ళు. అడవిలో రాడార్ గన్నుతో వేగం కొలిచి చలానా రాసిన చరిత్ర బహుశా ఆ కొండకే దక్కుతుంది. 2015లో ఫెయిర్‌ఫాక్స్‌లో సైకిళ్ళకి మ్యూజియం తెరిచారు. అందులో ఎంతకాలమైనా ఉండనిస్తారు, కదిలి కొండెక్కితేనే తంటా. 2024లో అక్కడి నీటిసంస్థ కొన్ని సన్నబాటల్లో ప్రయోగంగా సైకిళ్ళని అనుమతిద్దామని తీర్మానిస్తే, పర్యావరణ సంఘాలు కోర్టుకెక్కాయి.

మా సభలో ఎక్కువసేపు నలిగింది మట్టి సంగతి. చక్రాలు నేలని కోసేస్తాయన్నారు. నేనూ బుద్ధిగా చదువుకుని వెళ్ళాను. 1994లో మోంటానాలో ఇద్దరు పరిశోధకులు గుర్రాలు, పాదచారులు, మోటారు సైకిళ్ళు, మామూలు సైకిళ్ళు బాటని ఎంతెంత పాడుచేస్తాయో పరీక్షించారు. ముందే తడిపిన బాటలమీద చక్రాలకన్నా గిట్టలూ పాదాలే ఎక్కువ మట్టిని కదిలించాయి. ఇది చెప్పేసరికి గుర్రాలవాళ్ళూ నడిచేవాళ్ళూ, అప్పటిదాకా ఒకరంటే ఒకరికి పడనివాళ్ళు, ఏకమై నావైపు చూశారు. ఆ ఐకమత్యం సాధించిన ఘనత నాదే. నిజానికి బాట పాడయ్యేది ఎవరు తిరిగారన్నదానికన్నా దాన్ని ఎలా వేశారన్నదానిమీద ఆధారపడుతుంది. నిట్టనిలువుగా వేస్తే వాన దాన్నే కాలవ చేసుకుంటుంది. వాలుకి అడ్డంగా, అంచువైపు కాస్త ఒంపుతో, అక్కడక్కడా ఎత్తుపల్లాలు మారుస్తూ వేస్తే నీరు పక్కకి జారిపోతుంది. ఇంజనీరింగు పటం చూపించబోతే నా రెండు నిమిషాలు అయిపోయాయి.

గుర్రాల సంగతి మాత్రం నవ్వులాట కాదు. వేటాడే జంతువులకి భయపడి బతికిన జాతి అది. చప్పుడు లేకుండా మీదికి దూసుకొచ్చేదేదైనా దాని లెక్కలో పులే. అందుకే బాటలమీద పసుపుపచ్చ త్రికోణం బోర్డు ఉంటుంది. సైకిలువాడు నడిచేవాళ్ళకీ గుర్రాలకీ దారివ్వాలి, నడిచేవాళ్ళు గుర్రాలకివ్వాలి, గుర్రం ఎవరికీ ఇవ్వక్కర్లేదు. గుర్రం ఎదురైతే సైకిలు ఆపి, పల్లం వైపు నిలబడి, మాట్లాడాలి. గొంతు వింటే అది మనల్ని మనిషని నమ్ముతుందట. నేను మొదటిసారి తడబడి "బాగున్నావా తల్లీ" అన్నాను. గుర్రం చెవులు రిక్కించి శాంతంగా వెళ్ళిపోయింది. పైనున్నావిడే కళ్ళెం బిగించి పట్టుకుంది.

సభలో వాళ్ళు ఒక మనిషిని తయారుచేసినట్టే, నేను చేరిన సైకిళ్ళ సంఘంలోనూ అలాంటి తయారీ ఒకటుంది. మా లెక్కలో ఎదుటి పక్షంలో ప్రతివాడూ రిటైరైన కోటీశ్వరుడు. తన ఇల్లు కట్టడానికి చెట్లు కొట్టించి, ఇక చెట్లు కొట్టకూడదని సంతకాలు సేకరిస్తాడు. రైలుపెట్టెలో మోచేతులతో తోసుకుని ఎక్కి, ఎక్కగానే తలుపేసి, ఖాళీ లేదని అరిచేవాణ్ణి మనమందరం ఎరుగుదుం. వాళ్ళంతా అలాంటివాళ్ళేనని మావాళ్ళ గట్టి నమ్మకం. రిబ్బనావిడ గురించీ అలాగే అనుకున్నారు. తీరా కనుక్కుంటే, ఆవిడ ఎన్నో ఏళ్ళుగా శనివారం పూట కొండమీదికి వెళ్ళి, పరాయి దేశంనుంచి వచ్చి పాతుకుపోయిన ఫ్రెంచ్ బ్రూమ్ అనే పొదల్ని చేత్తో పీకుతోంది. కొండమీద ఏ పువ్వు ఏ నెలలో పూస్తుందో ఆవిడకి తెలిసినట్టు మాలో ఎవరికీ తెలియదు. సైకిళ్ళమీద కోపానికీ కారణముంది. ఒకరోజు మలుపులో ఎవడో గంట కొట్టకుండా ఆవిడ భుజం రాసుకుంటూ దిగిపోయాడు. క్షమించమని కూడా అనలేదు. ఆ ఒక్కడే ఆవిడ బుర్రలో వందమందై సభకొచ్చాడు.

అప్పట్నుంచి మా సంఘం కొండ మొదట్లో ఒక పెట్టెలో గంటలు పెట్టి ఉచితంగా పంచుతోంది. పది డాలర్ల లోపు వస్తువు. ఐదువేల డాలర్ల సైకిలుకి అది మొదటే ఎందుకు బిగించరో అమ్మ అడిగితే నా దగ్గర జవాబు లేదు. సభ మాత్రం పర్యావరణ సమీక్ష జరగాలని తేల్చింది. కాలిఫోర్నియాలో 1970నుంచీ దీనికో చట్టముంది. సమీక్ష వచ్చాక దానిమీద అభ్యంతరాలు, అభ్యంతరాలకి జవాబులు, జవాబులమీద ఇంకో సభ. ఈలోగా ఉన్న బాటల మరమ్మతుకి వారాంతాల్లో పలుగూ పారా పట్టుకుని వెళ్తున్నాం. ఆ ఫొటో చూసి అమ్మ ఫోన్ చేసింది. "మన పొలంలో ఒక్కరోజు పార పట్టుకున్నావట్రా? ఇంతకీ కూలెంతిస్తారు?"

ఇంతలో మా ఆవిడ, పక్కింటివాళ్ళ బ్యాటరీ సైకిలు ఒకసారి తొక్కి చూసి, అంత ఎత్తు ఆయాసం లేకుండా ఎక్కేసి, తనకూ ఒకటి కావాలంది. ఆ వారం మా గ్యారేజీలోనే సంఘం సమావేశం. అందరూ బజ్జీలు తింటున్నారు. ఈ బ్యాటరీ సైకిళ్ళని కొండమీదికి రానివ్వకూడదని ఒకాయన ఎత్తుకున్నాడు. కష్టపడకుండా ఎక్కేవాళ్ళకి కొండంటే గౌరవం ఉండదన్నాడు. వేగం అదుపులో పెట్టుకోలేరని ఇంకొకాయన. నేల కోసుకుపోతుందని మరొకరు. "ఆ రకం మనుషులు ఒక్కసారి వచ్చారంటే..."

మా ఆవిడ బజ్జీల పళ్ళెం వెనక్కి తీసుకుంది. "ఏ రకం?"

ఎవరూ మాట్లాడలేదు. వారం తిరక్కుండా ఆవిడ ఇంకొకర్ని వెంటబెట్టుకొచ్చింది. రిబ్బనావిడ. తుంటి ఆపరేషనయ్యాక పై మైదానందాకా నడవలేకపోతోందట. అక్కడ బ్రూమ్ పొదలు మళ్ళీ పెరిగిపోతున్నాయట. బ్యాటరీ సైకిలు ఒక్కటే మార్గమని డాక్టరుగారు చెప్పలేదుగాని, మా ఆవిడ చెప్పింది. ఇద్దరూ గ్యారేజీలో బల్లముందు కూర్చుని వచ్చే సభకి కార్డులు నింపారు. మా సంఘం సభ్యులు గోడకానుకుని, ఈసారి వ్యతిరేకం గడి మనదా వాళ్ళదా అని గుసగుసలాడుకున్నారు. మా ఆవిడ మూడో కార్డు నావైపు తోసింది. పేరూ ఊరూ రాసేసి ఉన్నాయి. గడి కూడా తనే నింపింది.