అరకు రైల్లో కిటికీ సీటు: తొమ్మిది తిరుగులేని చిట్కాలు

విశాఖపట్నం నుంచి పొద్దున్నే బయల్దేరే కిరండూల్ పాసింజర్‌లో కిటికీ సీటు అదృష్టం కొద్దీ దొరకదు, తెలివి కొద్దీ దొరుకుతుంది. డబ్బు, ఓపిక రెండూ ఆదా చేసే దారి ఇదిగో.

1. ముందుగా టిక్కెట్టు కొనకండి. 2017 ఏప్రిల్‌లో వచ్చిన అద్దాల విస్టాడోమ్ బోగీకి జనం ముందే ఎగబడతారు. మీరు ముందురోజు రాత్రి భోంచేశాక చూడండి. సీట్లుండవు. ఇంట్లో ‘సర్వర్ డౌన్’ అని చెప్పండి. ఆ మాటను కాదన్నవాళ్ళు ఇంతవరకూ లేరు.

2. కర్చీఫ్ వేయండి. రైలు ప్లాట్‌ఫాం మీదికి రాగానే జనరల్ బోగీ కిటికీ ఊచల్లోంచి విసరండి. ఎదుటి సీట్లో నీళ్ల సీసా, పక్క సీట్లో సంచి పెట్టండి. ఎవరైనా అడిగితే ‘మావాళ్ళు టీకి వెళ్ళారండీ’ అనండి. కొత్తవలస దాటినా అదే మాట మీద ఉండండి.

3. కిటికీ దగ్గర అప్పటికే ఎవరైనా కూర్చుంటే చేతిలో నిమ్మకాయ పట్టుకుని నిలబడండి. ‘ఘాట్ నాకు పడదు బాబూ, గాలి తగలకపోతే వాంతులు’ అనండి. ఎదుటివాళ్ళు తమంతట తామే లేస్తారు. కూర్చున్నాక నిమ్మకాయ సంచిలో వేసుకోండి, తిరుగు ప్రయాణానికి పనికొస్తుంది.

4. ఎడమవైపే ఎంచుకోండి. అరకు వెళ్ళేటప్పుడు లోయలు కుడివైపు బాగుంటాయని తెలిసినవాళ్ళంతా చెబుతారు, అందుకే అటు తోపులాట. ఎడమవైపు కొండను తొలిచిన రాయి చేతికందేంత దగ్గర్లో ఉంటుంది. మెడ తిప్పే శ్రమ లేదు. తిరిగొచ్చేటప్పుడు కుడివైపు కూర్చోండి, మళ్ళీ అదే రాయి దొరుకుతుంది.

5. మైదానంలో మేలుకుని, ఘాట్‌లో నిద్రపోండి. శృంగవరపుకోట దాకా పొలాలు, కరెంటు స్తంభాలు కళ్ళారా చూడండి. బొడ్డవర దాటి రైలు కొండెక్కుతుండగా షట్టర్ దించి తల ఆనించండి. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి హాయిగా గడిచిపోతాయి. ఎవరైనా లేపితే బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960ల్లో వేసిన లైను ఇదని, చూడ్డానికి వేసింది కాదని చెప్పండి.

6. మెలకువ వస్తే సొరంగాల్ని వీడియో తీయండి. ఈ లైను మీద 58 సొరంగాలున్నాయి, సరుకుకి కొదవ లేదు. చీకట్లోకి వెళ్ళగానే ఈల వేసి, గట్టిగా కేక పెట్టి రికార్డు చేయండి. వెలుగులోకి రాగానే తలొంచుకుని వీడియో ఎలా వచ్చిందో చూసుకోండి. అది చూసేలోపు తర్వాతి సొరంగం వస్తుంది.

7. బొర్రా గుహలు స్టేషన్లో దిగకండి. గోస్తనీ నది తొలిచిన సున్నపురాయి గుహలు ఎక్కడికీ పోవు, సీటు పోతుంది. శిమిలిగూడ వచ్చాక 996 మీటర్ల ఎత్తని రాసి ఉన్న బోర్డు ముందు ఫొటో కావాలంటే బావమరిదిని దింపండి. ఫొటోలో మీరు లేకపోయినా బోర్డు ఉంటుంది, అది చాలు.

8. పొరపాటున విస్టాడోమ్ దొరికిందా? అందులో కుర్చీలు చుట్టూ తిరుగుతాయి. మీది లోపలివైపు తిప్పి, కాళ్ళు చాపుకుని అంత్యాక్షరి మొదలుపెట్టండి. పైకప్పు అద్దంలోంచి ఎండ పడుతుంది కాబట్టి మొహం మీద తువ్వాలు కప్పుకోండి.

9. అరకులో దిగాక అలసిపోయామని గదిలో పడుకోండి. గిరిజన మ్యూజియానికి వెళ్ళలేదేమని అడిగితే మోకాళ్ళ మీద నెపం వేయండి. ఊరికెళ్ళి చెప్పుకోవడానికి నాలుగు ముక్కలు బట్టీ పట్టండి: కాఫీ తోటలు, వాటికి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు, వాటిమీద పాకిన మిరియాల తీగలు, చలికాలమైతే పసుపుపచ్చని వలిసె పూలు. చివర్లో బొంగు చికెన్ కలపండి. ఇక ఎవరూ అనుమానించరు. పిల్లలు మళ్ళీ అరకు వెళ్దామంటే ‘అదంతా చూసేశాంగా’ అనేయండి. ఆ ఒక్క మాటతో ఇంకో టిక్కెట్టు ఖర్చు, ఇంకో పొద్దున్నే లేచే బాధ రెండూ తప్పుతాయి.