అక్క సంతకం: అన్నదమ్ములకు చిట్కాలు

నాన్నగారు పోయారు. బాధగానే ఉంటుంది, కాదనను. కానీ పెద్దకర్మకు అక్కచెల్లెళ్ళందరూ వస్తారు, మళ్ళీ ఇలా ఒకేచోట దొరకరు. దస్తావేజు లేఖరిని ముందే మాట్లాడి పెట్టుకోండి.

"నీ వాటా వదులుకో" అని మాత్రం అనకండి. వాటా ఉందని మీరే ఒప్పుకున్నట్టవుతుంది. "చిన్న సంతకం అక్కా, ఫార్మాలిటీ" అనండి చాలు. ఇంట్లో సంతకం పెట్టేసింది కదా అని నిశ్చింతగా ఉండొద్దు, రిజిస్టరు కాని హక్కు విడుదల పత్రం కోర్టులో నిలబడదు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకెళ్ళాల్సిందే. కారులో వెళ్తున్నంతసేపూ చిన్నప్పటి కబుర్లు చెప్పండి. నాన్న సైకిలు ముందు కడ్డీ మీద అక్కను కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్ళిన సంగతి తప్పకుండా రావాలి. కళ్ళనిండా నీళ్ళుంటే చిన్న అక్షరాలు కనపడవు.

చట్టం గొడవ కూడా కొంచెం తెలిసుండాలి. ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వచ్చే హక్కును 1956 నాటి హిందూ వారసత్వ చట్టం మగపిల్లలకే ఉంచింది. ఎన్టీఆర్ ప్రభుత్వం వచ్చి ఆ సుఖం చెడగొట్టింది. 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్ళికాని కూతుళ్ళకు కొడుకులతో సమానంగా హక్కిచ్చింది. పెళ్ళయిన అక్కలున్నవాళ్ళు అప్పటికి ఊపిరి పీల్చుకున్నారు. 2005 సెప్టెంబరు 9న కేంద్రం తెచ్చిన సవరణతో ఆ తేడా కూడా పోయింది. "మా నాన్న అంతకుముందే పోయాడండీ" అన్న మాట మరో పదిహేనేళ్ళు బాగానే ఆదుకుంది. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు దానికీ మంగళం పాడింది. హక్కు కూతురికి పుట్టుకతోనే వస్తుందట, 2005 సవరణ నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదట. "నోటిమాటగా ఎప్పుడో పంచేసుకున్నాం" అన్నా అంత తేలిగ్గా నమ్మరు. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన పంపకం కాగితమో, కోర్టు డిక్రీయో చూపించమంటారు.

స్వార్జితమైతే నాన్న ఎవరికైనా వీలునామా రాయొచ్చు. రాయకుండా పోతే భార్యకు, తల్లికి, కొడుకులకు, కూతుళ్ళకు సమాన భాగాలు. ఇది 1956 నుంచీ ఉన్నదే. మనమే ఎవరికీ చెప్పలేదు.

కోర్టుకెక్కితే మనకు కష్టమే. అందుకని ఎక్కనివ్వకూడదు. అమ్మను ముందు పెట్టండి. "నేను పోయాక నీకు ఈ గడప ఉండాలా వద్దా తల్లీ?" అన్నమాట మీరంటే బెదిరింపు, అమ్మ అంటే ప్రేమ. ఆ తర్వాత మీరు పెట్టాల్సింది ఏటా శ్రావణమాసంలో ఓ చీర, పసుపు కుంకుమ. తెలంగాణ వైపైతే ఎప్పుడన్నా ఒడిబియ్యం. బైపాసు పక్కన ఎకరం ఎంత పలుకుతోందో కనుక్కుని, ఆ చీర ఖరీదు పక్కన పెట్టి చూసుకోండి.

"కట్నం ఇచ్చాం కదా" అన్నది ఇంట్లో రోజుకు మూడుసార్లు వాడుకోవచ్చు. కాగితం మీద మాత్రం పెట్టకండి. 1961 చట్టం ప్రకారం కట్నం తీసుకోవడంతో పాటు ఇవ్వడం కూడా నేరమే. అదే వాదన కోర్టులో చెప్పుకుంటే అక్క వాటా తగ్గదు, మన మీద ఇంకో కేసు తయారవుతుంది.

బావగారి గురించి చాలామంది అనవసరంగా భయపడతారు. ఆయనకూ చెల్లెళ్ళుంటారు. భార్య ఇవాళ పుట్టింట్లో వాటా అడిగితే, రేపు చెల్లెళ్ళు తన గుమ్మంలోకి వస్తారని ఆయనకు బాగా తెలుసు. ఒకవేళ అడగమని ఎగదోసే బావే తగిలాడనుకోండి, అదీ మన మంచికే. "పాపం అక్కకు ఆశ లేదు, బావే ఎక్కిస్తున్నాడు" అంటే ఊరంతా నమ్ముతుంది. అక్క తనంతట తనే లెక్క వేసుకుందంటే మాత్రం ఒక్కరూ నమ్మరు.

ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో అక్క పేరే లేకుండా చేయించి, పాసుపుస్తకం తన పేరున మార్పించుకునే ఘనులున్నారు. నేనైతే వద్దంటాను. నీతి కోసం కాదు, రేపు పొలం అమ్మబోతే కొనేవాడి లాయరు ముందుగా అడిగేది "ఆడపిల్లలెంతమంది? వాళ్ళ సంతకాలేవి?" అనే. అప్పుడు అక్క కాళ్ళ దగ్గరికే వెళ్ళాలి, పైగా అప్పటి రేటుకి.

ఏడ్చే అక్కతో పేచీ లేదు. పోట్లాడే చెల్లితో అసలే లేదు, నలుగురూ మీ వైపే మాట్లాడతారు. దస్తావేజు చేతికి తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, సర్వే నంబర్లు ఒక్కొక్కటే పైకి చదివి, "ఇందులో నా భాగానికి ఎన్ని సెంట్లొస్తాయి తమ్ముడూ?" అని మామూలుగా అడిగే అక్క ఎదురైతే మాత్రం కాఫీ తెప్పించండి. అంతకు మించి నా దగ్గర చిట్కా లేదు.