స్క్విడ్ లేని ప్రళయం

2009 మార్చి 6న అమెరికాలో ‘వాచ్‌మెన్’ సినిమా విడుదలైంది. అందులో మహా మేధావి ఒకడు అణుయుద్ధాన్ని ఆపడం కోసం ప్రపంచ నగరాల్లో లక్షలాది జనాన్ని ఒక్క దెబ్బకు చంపేస్తాడు. హాల్లోంచి బయటికొచ్చిన ప్రేక్షకుల్లో ఒక వర్గం ఆగ్రహంతో ఊగిపోయింది. అన్ని ప్రాణాలు పోయినందుకు కాదు. వాళ్లను చంపాల్సింది స్క్విడ్ కదా, ఆ స్క్విడ్ ఏదీ అని.

తెలియనివారికి రెండు ముక్కలు. అలన్ మూర్ రాయగా డేవ్ గిబన్స్ బొమ్మలు వేసిన ‘వాచ్‌మెన్’ను డీసీ కామిక్స్ 1986, 87లలో 12 సంచికలుగా వేసింది. ముసుగులు తొడుక్కుని న్యాయం చేసే వీరులు నిజంగానే మన మధ్య ఉంటే ఏమవుతుందన్నది అందులో ప్రశ్న. జవాబు ఏమంత శుభప్రదంగా ఉండదు. 1985 వచ్చినా నిక్సన్ ఇంకా అధ్యక్షుడే. వీరుల్లో ఒకడికి పొట్ట, ఒకడికి పిచ్చి, ఒకడికి ఒంటి మీద గుడ్డ ఉండాలన్న ధ్యాసే లేదు. అందరిలోకీ తెలివైన ఓజిమాండియస్ ఒక రాక్షస స్క్విడ్‌ను తయారు చేయించి, న్యూయార్క్ నడిబొడ్డున దించుతాడు. సగం నగరం చచ్చిపోతుంది. గ్రహాంతరవాసులు దాడి చేశారనుకుని హడలిపోయిన అమెరికా, రష్యాలు పాత పగలు పక్కనపెట్టి చేతులు కలుపుతాయి. దర్శకుడు జాక్ స్నైడర్ సినిమాలో స్క్విడ్‌కు పాత్ర దక్కలేదు. దాని బదులు, డాక్టర్ మన్‌హాటన్ అనే నీలిరంగు మనిషి శక్తిని పోలిన పేలుళ్లు జరుగుతాయి. నేరం అతని నెత్తిన పడుతుంది. కథంతా చెప్పేశానని కోప్పడకండి. పుస్తకం వచ్చి దాదాపు 40 ఏళ్లయింది. ఇంకా చదవనివాళ్లు చదివినట్టు మాట్లాడటం ఎప్పుడో మొదలుపెట్టేశారు.

ఈ సినిమా మీద అభిప్రాయం ఉన్నవాళ్లని స్థూలంగా అయిదు తెగలుగా విభజించవచ్చు.

మొదటిది గ్రంథరక్షక దళం. స్క్విడ్ కోసం కత్తి దూసింది వీళ్లే. వీళ్ల దృష్టిలో పుస్తకాన్ని సినిమాగా తీయడమే అపచారం, తీసి మార్చడం మహాపచారం. సినిమా రాకముందు ఏళ్ల తరబడి ‘దీన్ని ఎవరూ తీయలేరు’ అన్నారు. ఆ మాటకు దన్ను కూడా ఉంది. టెర్రీ గిలియం అంతటివాడు కొన్నాళ్లు పట్టుకుని, ఇది సినిమాకు లొంగేది కాదని వదిలేశాడు. తర్వాత అరనాఫ్‌స్కీ వచ్చి వెళ్లాడు, గ్రీన్‌గ్రాస్ వచ్చి వెళ్లాడు. చివరికి స్నైడర్ తీసి చూపించాక దళం మాట మార్చలేదు. ‘చెప్పాంగా, తీయలేరని’ అంది.

రెండోది ఫ్రేమ్ పండితుల సంఘం. పెళ్లిచూపులకు పోయి, మధ్యవర్తి పంపిన ఫొటో చేతిలో పట్టుకుని, అమ్మాయి ముఖాన్నీ దాన్నీ మార్చి మార్చి చూసే మేనత్త లాంటివాళ్లు వీళ్లు. ఒడిలో పుస్తకం, ఎదురుగా తెర. హాస్యగాడని పేరున్న వీరుడి రక్తపు బొట్టు పడ్డ పసుపుపచ్చ నవ్వుముఖం బిళ్ల సరిగ్గా ఉందా? ఉంది. అంగారకుడి మీద గాజుకోట లేచిందా? లేచింది. రోర్షాక్ ముసుగు మీద నల్లమరకలు కదిలాయా? కదిలాయి. పుస్తకంలో మన్‌హాటన్ వీడ్కోలుగా పలికిన మాటను సినిమాలో అతని మాజీ ప్రియురాలు లారీ నోట పెట్టారే! అయిపోయింది. నూటికి తొంభైతొమ్మిది వచ్చిన పిల్లవాణ్ణి ఆ ఒక్క మార్కు ఎక్కడ పోయిందని నిలదీసే తండ్రులు తెలుగునాట మాత్రమే ఉంటారనుకోవడం మన భ్రమ.

మూడోది ‘సినిమాను సినిమాగా చూడండి’ పార్టీ. చాలా సహనశీలురు. పుస్తకం వేరు, తెర వేరు అని ఓపిగ్గా బోధిస్తారు. ఎంత ఓపికంటే, ఆ బోధ పూర్తయ్యేసరికి అవతలివాడు పుస్తకం మొత్తం చదివేయవచ్చు. వీళ్ల అసలు వాదన ఏమిటంటే, స్క్విడ్‌ను పెట్టాలంటే దాన్ని తయారుచేసే రహస్య ద్వీపం, అక్కడికి మాయమైపోయిన రచయితలు, కళాకారుల ఉపకథ, అన్నీ పెట్టాలి. రెండున్నర గంటలు దాటిన సినిమాలో చోటెక్కడ అని. న్యాయమైన మాటే. కానీ అదే సినిమాలో లియొనార్డ్ కోహెన్ పాట మొదలుపెట్టి, గాల్లో తేలే వాహనంలో సాగే శృంగార సన్నివేశానికి మాత్రం చోటు ధారాళంగా దొరికింది.

నాలుగోది నిడివి వర్గం. వీళ్లతో వాదనే కుదరదు. సినిమా బాగాలేదంటే ‘మీరు చూసింది అసలు సినిమా కాదు’ అంటారు. 162 నిమిషాల థియేటర్ ప్రతి చూసినవాడు మాట్లాడటానికి అనర్హుడు. 186 నిమిషాల డైరెక్టర్స్ కట్ చూడాలి. అదీ చూసి నోరు తెరిస్తే, కామిక్‌లోని సముద్రదొంగల పిట్టకథను యానిమేషన్‌గా కలిపిన 215 నిమిషాల అల్టిమేట్ కట్ ముందు పెడతారు. దాన్ని కూడా పూర్తి చేసినవాడికి విమర్శించే అర్హత వస్తుంది కానీ శక్తి మిగలదు.

అయిదో తెగ పుస్తకం ముఖమే చూడనివాళ్లు. నిజానికి వీళ్లే ఎక్కువ. బ్యాట్‌మన్ మాదిరి సినిమా అనుకుని వచ్చి, నీలిమనిషి నిర్మొహమాటంగా తిరుగుతుంటే ఎటు చూడాలో తెలియక పాప్‌కార్న్ పొట్లంలోకి చూసినవాళ్లు. వీళ్ల అభిప్రాయాన్ని ఎవరూ అడగలేదు. టికెట్ డబ్బు మాత్రం అడిగారు.

ఇప్పుడు స్క్విడ్ విషయానికి రావాలి. ఇంత గొడవలో తర్కం లేకపోలేదు. పుస్తకం పక్షం వాదన ఇది: దాడి బయటి గ్రహం నుంచి వస్తేనే రెండు అగ్రరాజ్యాలూ ఏకమవుతాయి. డాక్టర్ మన్‌హాటన్ అమెరికా చేతిలోని ఆయుధమని లోకమంతటికీ తెలుసు. అతను మాస్కోను కాల్చేస్తే రష్యా అమెరికాను కౌగిలించుకుంటుందా, క్షిపణుల మీట నొక్కుతుందా? సినిమా పక్షం జవాబు: అమెరికా నగరమే బూడిదైనప్పుడు అది అమెరికా పన్నాగమని ఎవరనుకుంటారు? పైగా మన్‌హాటన్ మొదటినుంచీ కథలో ఉన్నవాడు. ఆఖర్న ఊడిపడే సముద్రజీవికంటే నయం కదా. ఇద్దరి మాటా సబబుగానే ఉంది. విదేశాంగ నిపుణులు కూడా ఇంత శ్రద్ధగా అణుయుద్ధ నివారణ గురించి ఆలోచించి ఉండరు. ఒక్కటే లోపం. లక్షల మందిని చంపి శాంతి తేవచ్చా అన్నది పుస్తకం అడిగిన ప్రశ్న. ఏ పద్ధతిలో చంపితే శాంతి నిలుస్తుందన్న దగ్గర అభిమానులు స్థిరపడ్డారు. ఓజిమాండియస్ గనక వింటే ఇద్దరికీ ఉద్యోగాలిచ్చేవాడు.

ఈ హోరులో వినపడకుండా పోయిన ఆరోపణ ఇంకొకటి ఉంది, దీనికంటే బరువైనది. పుస్తకంలో ఒక సందులో రౌడీమూక డాన్, లారీల మీద పడుతుంది. వయసు మీదపడుతున్న ఇద్దరు మాజీ వీరులు ఎలాగో తన్నుకుని బయటపడి, గోడకానుకుని ఆయాసపడతారు. సినిమాలో అదే సందు, అదే మూక. కానీ ఎముకలు చర్మం చీల్చుకుని బయటికి వస్తాయి, దెబ్బదెబ్బకూ తెర నెమ్మదిస్తుంది, హాలు ఈల వేస్తుంది. ముసుగు తొడిగి జనాన్ని కొట్టడంలో ఏదో రోగం ఉందని చెప్పిన కథ, కొట్టడంలో ఎంత సొగసుందో చూపే కథగా మారింది. స్నైడర్ బొమ్మలను భక్తితో దించాడు, వాటి అర్థాన్ని మాత్రం దించలేదు. స్క్విడ్ పోయినందుకు యుద్ధం ప్రకటించిన దళం, అర్థం పోయినందుకు ఒక మెమొరాండం కూడా ఇవ్వలేదు. ఇవ్వరు కూడా. ఎందుకంటే పుస్తకం చదివినప్పుడు సైతం చాలామంది రోర్షాక్‌ను హెచ్చరికగా కాక ఆదర్శంగా తీసుకున్నారు. స్నానం చేయని, స్నేహితుల్లేని, వేళ్లు విరవడం తప్ప న్యాయం తెలియని ఆ మనిషిని చూసి ‘అచ్చం నేనే’ అనుకున్నారు. వాళ్లని చూసి మూరే బెంబేలెత్తాడు. సినిమా మూలాన్ని తప్పుగా అర్థం చేసుకుందని నిందించేవాళ్లలో ఆ పని ముందే పూర్తి చేసినవాళ్లు గణనీయంగా ఉన్నారు.

ఇంతకీ ఈ పవిత్ర మూలం ఎక్కడిది? ఆకాశం నుంచి ఊడిపడిందా? చార్ల్‌టన్ కామిక్స్ అనే సంస్థ పాత్రలను డీసీ కొనుక్కుంది. మూర్ మొదట కథ అల్లింది ఆ పాత్రలతోనే. వాళ్లని ఈ కథలో పెడితే సగం మంది చస్తారు, మిగతా సగం మళ్లీ పనికిరారు. కొన్న సరుకు పాడైపోతుందని సంపాదకుడు డిక్ జోర్డానో కొత్త పాత్రలు పుట్టించమన్నాడు. అలా ‘క్వశ్చన్’ రోర్షాక్ అయ్యాడు, ‘కెప్టెన్ ఆటమ్’ డాక్టర్ మన్‌హాటన్ అయ్యాడు, ‘బ్లూ బీటిల్’ నైట్ ఔల్ అయ్యాడు. ఇక అసలు మహావిగ్రహం, స్క్విడ్. ప్రపంచాన్ని ఏకం చేయడానికి బూటకపు గ్రహాంతర భూతాన్ని సృష్టించే కథ 1963లోనే ‘ది ఔటర్ లిమిట్స్’ అనే టీవీ ధారావాహికలో వచ్చింది. ‘వాచ్‌మెన్’ సంపాదకుడు లెన్ వీన్ ఆ పోలిక చూసి ముగింపు మార్చమన్నాడు. మూర్ మార్చలేదు. చివరి సంచికలో ఆ టీవీ కథను ఒక మూల ప్రస్తావించి ఊరుకున్నాడు. అంటే టీవీ నుంచి కామిక్‌లోకి వచ్చిన ఊహను, కామిక్ నుంచి సినిమాలోకి రానివ్వలేదని ఇంత రభస. ఆ ముగింపు మీద మొదటి ఫిర్యాదు చేసినవాడు పుస్తకం అచ్చు కాకముందే, పుస్తకం ఆఫీసులోనే ఉన్నాడు.

సూపర్‌మన్ సంగతి చూస్తే మూలవాదులకు గుండె ఆగుతుంది. 1938లో తొలిసారి కామిక్‌లో కనపడ్డప్పుడు అతను ఎగరలేదు, గెంతేవాడు. 1941లో ఫ్లైషర్ స్టూడియో కార్టూన్లు గెంతులు ఆపి ఎగరనిచ్చాయి. అతన్ని నేలకూల్చే క్రిప్టొనైట్ 1943లో రేడియో నాటకంలో పుట్టింది. కామిక్‌లోకి ఇవన్నీ తర్వాత చేరాయి. ‘కామిక్‌లో ఉన్నట్టు తీయలేదు’ అని ఒట్టేసి చెప్పేవాడు, తాను కాపలా కాస్తున్న ఇంట్లో సగం సామాను సినిమా, రేడియోలదేనని తెలిస్తే ఏమైపోతాడో. ఏమీ కాడు. తన పన్నెండో ఏట చేతికందిన ప్రతి ఏదో అదే మూలమంటాడు. అంతకుముందువి చిత్తుప్రతులు, ఆ తర్వాతవి కల్తీలు.

ఈ విషయంలో తెలుగు ప్రేక్షకుడిది పెద్ద మనసు. 1957 నాటి ‘మాయాబజార్’లో శశిరేఖ పెళ్లి చూసి మురిసిపోయాడు; ఆ శశిరేఖ వ్యాసభారతంలో ఎక్కడుందని ఒక్కడూ లేచి అడగలేదు. 1977లో ‘దానవీరశూరకర్ణ’లో దుర్యోధనుడు భానుమతితో యుగళగీతం పాడితే, హస్తినాపురంలో ఆ వేళ రాచకార్యం ఏదీ లేదు కాబోలనుకున్నాడు. వ్యాసుడి దగ్గర చూపని పట్టుదల అలన్ మూర్ దగ్గర చూపిస్తున్న మనవాళ్లు ఇప్పుడు హైదరాబాదులోనూ డాలస్‌లోనూ తయారయ్యారు. ప్రపంచీకరణ అంటే ఇదే కావచ్చు.

స్క్విడ్ కోసం తపించినవాళ్ల మొర ఎట్టకేలకు ఆలకించారు. 2019లో హెచ్‌బీఓ ధారావాహిక పుస్తకాన్నే ఆధారం చేసుకుని, ఆకాశం నుంచి చిన్న చిన్న స్క్విడ్‌లను వానలా కురిపించింది. అడిగినదానికంటే వందల రెట్లు. ఫిర్యాదు ఆగిందా? ఈసారి రోర్షాక్ ముసుగును జాత్యహంకారుల ముఠాకు తొడిగారని రోర్షాక్ అభిమానులు మొదలుపెట్టారు. ఆ ధారావాహికకు 11 ఎమ్మీలు వచ్చాయి. మూర్ దాంతోనూ తనకు సంబంధం లేదన్నాడు.

మూర్ దేనితోనూ సంబంధం లేదంటాడు. సినిమాలో తన పేరు వేయవద్దన్నాడు, వేయలేదు. తన వాటా డబ్బు గిబన్స్‌కు ఇవ్వమన్నాడు. ఆ కోపం స్నైడర్‌తో మొదలైంది కాదు, స్క్విడ్‌తో మొదలైందీ కాదు. డీసీతో కుదిరిన ఒప్పందంలో ఒక షరతు ఉంది: పుస్తకం అచ్చు ఆగిపోయి నిర్ణీత కాలం గడిస్తే, హక్కులు రచయితకూ చిత్రకారుడికీ తిరిగొస్తాయి. ఆ రోజుల్లో కామిక్ పుస్తకాలు ఏడాదో రెండేళ్లో బతికి కనుమరుగయ్యేవి కనుక, హక్కులు త్వరలోనే ఇంటికొస్తాయని ఇద్దరూ సంతకం పెట్టారు. పుస్తకం మాత్రం జనానికి విపరీతంగా నచ్చేసింది. అచ్చు నేటికీ ఆగలేదు. 2008లో సినిమా ట్రైలర్ రాగానే అమ్మకాలు ఇంకా ఎగిశాయి. సినిమాను తిట్టాలంటే పుస్తకం చదివి ఉండాలి కదా, అందుకని కొన్నవాళ్లూ ఉంటారు.

కాబట్టి రచయితకు నిజమైన విధేయుడిగా నిలవాలనుకునే అభిమానికి దారి ఒక్కటే ఉంది: ఆ పుస్తకాన్ని కొనకపోవడం. లోకంలోని మూలవాదులందరూ కొన్నాళ్లు కట్టుబడి ఉంటే మూర్ సొత్తు మూర్‌కు చేరుతుంది. ఈ ఉద్యమానికి సభ్యులు దొరకరని కంపెనీకి గట్టి ధీమా. అభిమాని ఒక ప్రతిని చదివి అరగదీస్తాడు, గట్టి అట్ట ప్రతిని అద్దాల బీరువాలో దాచుకుంటాడు, మూడోదాన్ని సినిమా మెచ్చుకున్న స్నేహితుడికి బుద్ధి రావాలని ఇచ్చి పోగొట్టుకుంటాడు. మూడూ కొన్నవే. హక్కులు కంపెనీవే.